ఏ.సి. చల్లగా రాకపోతే ముందు ఏం చూడాలి?



షోలాపూర్ పూర్వ భాగ్‌లో పవర్‌లూమ్‌ల చప్పుడు మధ్య పెరిగి, ఐ.టి.ఐ. చదివి ఏ.సి. మెకానిక్‌నయ్యాను.

ఒకసారి ఒక టాక్సీ అన్న వచ్చాడు. బండి నడుస్తుంటే ఏ.సి. చల్లగా ఉంటుంది, ఆగితే వేడిగాలి. వేరేచోట రెండుసార్లు గ్యాస్ నింపించి డబ్బు పోగొట్టుకున్నాడు.

నేను వరుసగా చూశాను.
1. బ్లోయర్ గాలి: బాగుంది.
2. కంప్రెసర్ క్లచ్: పట్టుకుంటోంది.
3. రేడియేటర్ ముందుండే కండెన్సర్: కొంత దూది, దుమ్ము పట్టింది. దాని ఫ్యాను వైరు ఊడిపోయింది!

బండి నడిచేటప్పుడు ఎదురుగాలి ఫ్యాను పని చేసేది. వైరు కలిపి, కండెన్సర్ మెల్లగా కడిగాను. చల్లబడింది.

గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. బాగా తగ్గిందంటే లీకున్నట్టే. లీకు వెతకకుండా నింపడం, తెగిన పోగు ముడివేయకుండా మగ్గం నడపడమే.

గ్యాస్ పైపులు మాత్రం నేర్పేవారు పక్కన లేకుండా విప్పకండి. కళ్ళకు, చర్మానికి ప్రమాదం.