సీసా మీద పేరు

ఈసారి గోడ పత్రికలో మన ల్యాబు సామాన్లకు పేర్లు, గుర్తులు ఎలా పెట్టాలో రాస్తున్నాను. ఇది రాయడానికి కారణం నేను చేసిన తప్పే.

పోయిన ఏడాది సీసాలకు చీటీలు రాసింది నేనే. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని మేడం నాకిచ్చారు. నేను ఇంకు పెన్నుతో రాసి మైదా జిగురుతో అంటించాను. వానాకాలం వచ్చింది. చెమ్మకు ఇంకు కారిపోయింది. మైదా అంటే బొద్దింకలకు అన్నం లాంటిది, అవి చీటీలు కొరికేశాయి. చివరికి రంగు లేని ద్రవాల సీసాలు తొమ్మిది పేరు లేకుండా మిగిలాయి.

నా పక్క బెంచీ అమ్మాయి అందులో ఒకటి స్వేదన జలం అనుకుని బీకరు కడగబోయింది. నాలుగు చుక్కలు లంగా మీద పడ్డాయి. అప్పుడు ఏమీ కాలేదు, మేమూ నవ్వేసి ఊరుకున్నాం. ఉతికి ఆరేస్తే నాలుగు చిల్లులు! అది సజల సల్ఫ్యూరికామ్లం. మేడం చెప్పిందేమంటే, బట్ట మీద పడినప్పుడు అందులోని నీరు ఆరిపోతుంది, ఆమ్లం ఆరదు. అది గాఢంగా మారి నూలును తినేస్తుంది. అందుకే పడిన వెంటనే ఎక్కువ నీళ్లతో కడగాలి. లంగా మీద కాక కంట్లో పడి ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత మేడం దగ్గరుండి పరీక్ష చేయించారు. వాసన చూడొద్దు, నాలుకకు అంటించొద్దు అన్నారు. గాజు కడ్డీతో ఒక్క చుక్క తీసి లిట్మస్ మీద పెట్టాం. నాలుగు సీసాలకు నీలి లిట్మస్ ఎర్రబడింది, అవి ఆమ్లాలు. రెండింటికి ఎర్ర లిట్మస్ నీలంగా మారింది, అవి క్షారాలు. మూడింటికి ఏ మార్పూ లేదు. కానీ ఆమ్లం అని తెలిస్తే ఏ ఆమ్లమో తెలిసినట్టు కాదు కదా. మేడం వాటిలో బేరియం క్లోరైడు వేసి చూశారు. రెండింటిలో తెల్లటి అవక్షేపం వచ్చింది, అవి సల్ఫ్యూరికామ్లం. అయినా గాఢత ఎంతో చెప్పలేం. పేరు రాయడానికి రెండు నిమిషాలు పట్టేది, పోయిన పేరు వెతకడానికి రెండు పీరియడ్లు పట్టింది, అదీ సగమే దొరికింది.

ఇప్పుడు రాసే పద్ధతి వినండి. పెన్సిలుతో రాయాలి. పెన్సిలు గీత నీళ్లకు కరగదు, స్పిరిట్‌కు కూడా పోదు. మార్కరు పెన్ను నీళ్లకు ఆగుతుంది కానీ స్పిరిట్ తగిలితే చెరిగిపోతుంది. చీటీలో పేరు, ఫార్ములా, గాఢమా సజలమా, తయారు చేసిన తేదీ, చేసినవాళ్ల పేరు ఉండాలి. అంటించి ఆరాక పైన కొవ్వొత్తి మైనం పూయాలి. మైనం ఉంటే చెమ్మ, ఆమ్లం చుక్కలు లోపలికి పోవు. చీటీ సీసా ఒంటికే అంటించాలి, మూతకు కాదు. మూతలు మారిపోతాయి, మనం ఎన్నిసార్లు మార్చలేదు! వంచేటప్పుడు చీటీ అరచేతి వైపు ఉండాలి. అప్పుడు కారిన చుక్క రెండో వైపు పోతుంది, పేరు చెడదు.

పరీక్ష నాళికలకు నంబరు మూతి దగ్గర వేయాలి. అడుగున అంటిస్తే సారాయి దీపం మీద కాలిపోతుంది. మేము ఒకసారి నాళికలకు కాకుండా స్టాండు చిల్లులకు నంబర్లు వేశాం. కడిగి పెట్టేసరికి ఏది ఏదో ఎవరికీ తెలియలేదు. దండాయస్కాంతాన్ని దారంతో వేలాడదీసి, ఉత్తరం చూపించే కొసకు పెద్దక్క నెయిల్ పాలిష్ పెట్టాం. కుంభాకార కటకాలు అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి దూరంగా ఉన్న చింతచెట్టు బొమ్మ గోడ మీద పడేలా చేసి, గోడకు ఎంత దూరమో కొలిచి అంచున రాశాం.

చదవడం రానివాళ్ల సంగతి కూడా చెప్పాలి. మా ఊళ్లో పత్తికి మందు కొడతారు. మా అమ్మకు చదువు రాదు. మన దేశంలో పురుగుమందుల డబ్బా మీద మూల మీద నిలబెట్టిన చదరం బొమ్మ ఉంటుంది. దాని కింది సగం రంగు చూడాలి. ఎరుపు అంటే అన్నిటికన్నా ఎక్కువ విషం, తర్వాత పసుపుపచ్చ, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఎరుపు దానికి పైన పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. అమ్మ పుర్రె ఉన్న డబ్బాను అటక మీద దాస్తుంది. ఆకుపచ్చ దాన్ని మాత్రం, ఆకు రంగే కదా, ఏం కాదులే అని ఉప్పు కుండ పక్కన పెట్టింది! అది కూడా విషమే, కొంచెం తక్కువ, అంతే. సెలవుల్లో చెప్పి నేనే తీసి పైన పెట్టాను. ఇంకోటి, ఒట్టి పచ్చ అని రాయకండి. కొందరు పచ్చ అంటే పసుపు అనుకుంటారు, కొందరు ఆకు రంగు అనుకుంటారు.

కొత్తగా కొన్న రసాయనాల సీసాల మీద ఎర్ర అంచు చదరంలో బొమ్మలు ఉంటాయి. అన్ని దేశాలకూ ఒకటే గుర్తు ఉండాలని ఐక్యరాజ్యసమితి 2003లో ఈ పద్ధతి ప్రకటించింది. చేతి మీద చుక్కలు పడి చెయ్యి తినేసినట్టున్న బొమ్మ కనిపిస్తే అది ఒళ్లు కాల్చేది అని తెలుసుకోవాలి. మేము మన ఆమ్లం చీటీల మీద ఆ బొమ్మ గీశాం. ఆరో తరగతి చెల్లెళ్లకు చూపిస్తే అడక్కుండానే చేతులు వెనక్కి తీసుకున్నారు.

లిట్మస్‌కు మారని మూడు సీసాల పేరు ఇంకా తేలలేదు. వాటికి "తెలియదు, ముట్టవద్దు" అని ఎర్ర పెన్సిలుతో రాసి బీరువాలో పెట్టి తాళం వేశారు.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. బాత్రూముల దగ్గర కిటికీలో కూల్‌డ్రింక్ సీసా ఒకటి ఉంది. అందులో ఉన్నది నల్ల ఫినాయిలు. మాకు తెలుసు, కొత్తగా చేరిన చిన్నపిల్లలకు తెలియదు. చూస్తే అచ్చం కూల్‌డ్రింక్ లాగే ఉంది. వేరే డబ్బా ఇప్పిస్తే ఈ ఆదివారం మేమే మార్చి, చీటీ రాసి, మైనం పూసి పెడతాం. మైనం ముక్క ఇంకా మిగిలి ఉంది.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని