కూలికి పోవు ఇంటిలో బిడ్డ కాపుదల

చదువవలసిన భాగములు: నిర్గమ. 1:13–14, 2:1–10, ద్వితీ. 6:4–9; రూతు 4:13–17; ఎఫెసీ. 6:4.

మిరపకోతల దినములలో మన పల్లెలనుండి తెల్లవారకమునుపే కూలీల ఆటోలు కదలును. ఒకరి కూలితో ఇల్లు గడవదు గనుక భార్యాభర్తలిద్దరును పోవుదురు. చంటిబిడ్డ యెక్కడ నుండవలెను? కొందరు చేనిగట్టున వేపచెట్టుకు పాతచీరతో ఉయ్యాల కట్టుదురు. కొందరు చూపు మందగించిన అవ్వకు అప్పగింతురు. మరికొందరు పెద్దపిల్లను బడి మాన్పించి బిడ్డను దాని చంకకెత్తుదురు. పనికి పోవు తల్లిని నిందించువారు అనేకులు. ఆమెకు సహాయపడువారు కొద్దిమంది. ఈ సంగతిని వాక్యపు వెలుగులో చూతము.

1. కష్టజీవుల బిడ్డ

మోషే తీరికగల ఇంట పుట్టలేదు. ఆ దినములలో ఇశ్రాయేలీయులు మంటిపనిలోను, ఇటుకల పనిలోను, పొలముపనిలోను నలుగుచుండిరి. అట్టి ఇంట ఆ బిడ్డను కాపాడినవారెందరో లెక్కించుడి. తల్లి మూడు నెలలు దాచెను. అక్క దూరమునుండి కనిపెట్టెను. ఫరో కుమార్తె కనికరపడి, ఆ తల్లికే జీతమిచ్చి బిడ్డను అప్పగించెను. బిడ్డను పెంచుటయు ఒక పనియే, దానికిని వెల కలదు అని ఇందువలన తెలియుచున్నది.

2. అక్క కాపలా కొంతసేపే

“అక్క తమ్ముని చూచుకొనుట మంచిదే గదా” అని కొందరందురు. మంచిదే. అయితే మిర్యాము ఏటియొద్ద నిలిచినది కొంతసేపు మాత్రమే. ఆమె పరుగెత్తి తల్లిని పిలిచిన పిమ్మట బిడ్డ తల్లిచేతికి వచ్చెను. సాయంకాలము అరగంట తమ్ముని ఆడించుట వేరు, కోతలు ముగియువరకు బడి మానుట వేరు. రెండు నెలలు మానిన పిల్ల లెక్కలలో వెనుకబడును. వెనుకబడి సిగ్గుపడి మరల పోనొల్లదు. ఇంట నున్న పిల్లకు పెద్దలు త్వరగా పెండ్లి తలపెట్టుదురు. 6 మొదలు 14 ఏండ్లవరకు చదువు పిల్లల హక్కని 2009లో చట్టము చేసిరి. ఒక బిడ్డను కాచుటకు మరియొక బిడ్డను పోగొట్టుకొనకూడదు.

3. తండ్రుల వంతు

పిల్లల పెంపకమనగానే మనము తల్లులవైపు చూచెదము. పౌలు ఎఫెసు సంఘమునకు వ్రాయుచు తండ్రులనే పిలిచి ఆ భారము మోపెను. ఇద్దరును ఒకే చేనిలో వంగి పనిచేసి వత్తురు. ఇంటికి రాగానే ఆయన అరుగుమీద కూర్చుండును. ఆమె బిడ్డను చంకనిడుకొని పొయ్యి ముట్టించును. ఇది న్యాయమా? బిడ్డకు నీళ్లు పోయుట, అన్నము కలిపి పెట్టుట తండ్రిచేతికి తక్కువ పనులు కావు.

పిల్లలకు బోధించుటకు ద్వితీయోపదేశకాండము నాలుగు వేళలు చెప్పుచున్నది: ఇంట కూర్చుండు వేళ, త్రోవ నడచు వేళ, పండుకొను వేళ, లేచు వేళ. ఈ నాలుగును కూలివారికి సహితము కలవు. రాత్రి పావుగంట సెల్‌ఫోను ప్రక్కన పెట్టి, ఆ దినము ఏమి తినెనో, ఎవరితో ఆడెనో, ఎందుకు ఏడ్చెనో బిడ్డను అడుగుడి.

4. సంఘము చేయదగినది

రూతు బిడ్డను నయోమి ఒడిలో పెట్టుకొని పెంచెను. వానికి పేరు పెట్టినవారు పొరుగు స్త్రీలు. మన పల్లెలోను పొరుగువారి చేయి కావలెను. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన పథకమువలన అంగన్‌వాడీలు వచ్చెను. ఆరేండ్లలోపు పిల్లలకు పౌష్టికాహారము, మూడేండ్లు నిండినవారికి ఆటపాటల చదువు అక్కడ దొరకును. వాటిని తప్పక వాడుకొనుడి. అయితే నడకరాని బిడ్డను పగలంతయు ఉంచుకొను ఏర్పాటు చాలచోట్ల లేదు. కేంద్రము మూయు వేళకు తల్లి ఇంకను చేనిలోనే యుండును.

2005 నాటి ఉపాధి హామీ చట్టములో, పనిస్థలమునకు ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురు వచ్చినయెడల, వారిని చూచుటకు ఒక స్త్రీని నియమించి ఆమెకు కూలి ఇయ్యవలెనని వ్రాసిరి. ఈ పద్ధతి సంఘములోను జరుగవచ్చును. ఆదివారము తప్ప మన గుడికి తాళము వేసియుండును. కోతల దినములలో దానిని తెరచి, స్త్రీల సమాజమువారు ఇద్దరేసి వంతులు వేసికొనరాదా? వారు పోగొట్టుకొను కూలిని పనికి పోవు కుటుంబములు తలాకొంచెము వేసి పూడ్చవలెను. తలుపు గడియ, నీళ్లతొట్టికి మూత మరువరాదు. పురుగుమందు చల్లిన చేనికి బిడ్డను తేకుడి. మందు చల్లి వచ్చినవారు స్నానముచేసి, బట్టలు మార్చి, ఆ తరువాతనే బిడ్డను ఎత్తుకొనవలెను.

ఇంట ఆలోచించుటకు

1. మన ఇంట బిడ్డను చూచుటకు బడి మానిన పిల్ల కలదా? రేపు ఆ పిల్లను బడికి పంపుటకు ఏమి చేయవలెను?
2. నాలుగు వేళలలో తండ్రి వంతు ఏది?
3. మన వీధిలో తోడులేని తల్లి ఎవరు? ఈ వారము ఆమె బిడ్డను ఎవరు ఎత్తుకొందురు?

ఈ ప్రశ్నలకు జవాబులు కూటములో చెప్పుకొని, వచ్చు కోతలకుముందే వంతుల పట్టిక వ్రాయుదము.