ఆరుబయట నిప్పు: నియమము, అనుమతి, మన బాధ్యత

నిప్పు లేనిదే పొగ రాదని మనవారి సామెత. ఈ సామెతను మనము పరుల గుట్టు విప్పుటకు వాడుచున్నాము గాని, మన కన్నుల యెదుట లేచు పొగను గూర్చి విచారించుట లేదు. ఫిబ్రవరి, మార్చి నెలలలో మన కళాశాల ఆవరణములోని వేపచెట్లు ఆకు రాల్చును. ఉదయము ఏడు గంటలకు ఆ ఆకును ఊడ్చి, ప్రహరీగోడ మూలకు చేర్చి, అందులో చిత్తుకాగితములు, పాలిథీన్ సంచులు, పాత అట్టలు కలిపి అగ్గిపుల్ల గీయుట పరిపాటి. ఆ పొగ మొదట వసతిగృహపు కిటికీలలో దూరును. పిమ్మట తరగతి గదులకు వచ్చును. ఉబ్బసము గల మన మిత్రుడొకడు ఆ గంటసేపు తలుపులు మూసికొని, తడిగుడ్డ ముక్కునకు అడ్డు పెట్టుకొని కూర్చుండుట మనమందరము చూచినదే. ఒక వేసవి మధ్యాహ్నము, ఆరిపోయినదనుకొన్న కుప్ప గాలికి మరల రాజుకొని, ఎండుగడ్డి వెంట ఆటస్థలము వరకు ప్రాకినప్పుడు మనమే బకెట్లతో పరుగెత్తితిమి. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట యనగా నేమో ఆనాడు మనకు తెలిసినది.

ఈ వ్యాసము ఎవరినీ నిందించుటకు కాదు. ఆరుబయట నిప్పు పెట్టుటను గూర్చి శాస్త్రము ఏమి చెప్పుచున్నది, శాసనము ఏమి చెప్పుచున్నది, అనుమతి పద్ధతి అనగా నెట్టిది, మనము చేయదగినదేమి అను విషయములను క్రమముగా పరిశీలించుటయే మన ఉద్దేశము.

పొగలో నేమున్నది?

మంట నిలుచుటకు మూడు వస్తువులు కావలెను: ఇంధనము, ప్రాణవాయువు, వేడి. ఈ మూడును తగిన పాళ్లలో కూడిన పొయ్యిలో పొగ తక్కువ. రాలిన ఆకుల కుప్ప అట్టిది కాదు. పైపొర మండును, లోపలి తడి ఆకులకు గాలి చాలక అవి గంటల తరబడి కుములుచుండును. ఇట్టి అసంపూర్ణ దహనము వలన కార్బన్ మోనాక్సైడు వాయువును, మిక్కిలి సూక్ష్మమైన ధూళియు పుట్టును. కార్బన్ మోనాక్సైడు మన రక్తములోని హీమోగ్లోబిన్‌తో ప్రాణవాయువు కంటె 200 రెట్లకు మించిన బలముతో కలియును. కనుక రక్తము ప్రాణవాయువును మోయజాలదు. సూక్ష్మధూళి కణముల పరిమాణము 2.5 మైక్రాన్లు, లేక అంతకంటె తక్కువ. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. ఇంత చిన్న కణములను ముక్కులోని రోమములు ఆపలేవు. అవి ఊపిరితిత్తుల చివరి గదుల దాక పోవును. ఘనమీటరు గాలిలో ఈ ధూళి 24 గంటల సగటున 60 మైక్రోగ్రాములకు మించరాదని మన దేశము 2009లో ప్రమాణము నిర్ణయించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితి 15 మైక్రోగ్రాములు మాత్రమే.

కుప్పలో ప్లాస్టిక్కు చేరినచో కీడు ద్విగుణమగును. క్లోరిన్ గల ప్లాస్టిక్కులు తక్కువ వేడిలో కాలినప్పుడు డయాక్సిన్లు అను విషపదార్థములు పుట్టును. వీనిని అణచుటకే చెత్తను కాల్చు పెద్ద కొలిమిలలో కనీసము 850 డిగ్రీల సెంటీగ్రేడు వేడిని నిలుపుదురు. గోడ మూలనున్న కుప్పలో అట్టి వేడి నిలుచునా?

కాలము కూడ గమనింపదగినది. శీతకాలపు ఉదయములందు నేలను ఆనుకొన్న గాలి చల్లబడి బరువెక్కును. దానిపై వెచ్చని పొర మూతవలె నిలుచును. అప్పుడు లేచిన పొగ పైకి పోజాలక మనుష్యులు తిరుగు ఎత్తుననే పరచుకొనును. 2018 జనవరిలో భోగినాటి ఉదయము చెన్నై నగరమున పొగయు మంచును కలిసి విమానముల రాకపోకలకే ఆటంకము కలిగినది. మన ఆవరణములో ఆకు కాల్చుటకు ఎన్నుకొనబడిన వేళ కూడ ఉదయమే యని విద్యార్థులు గుర్తింపవలెను.

పెద్దల నిప్పుకు నియమము గలదు

నిప్పు మనకు శత్రువు కాదు. మన తెలుగు నాట ఆరుబయట మంట పలు పండుగలలో గలదు. సంక్రాంతికి ముందు భోగిమంట, ఫాల్గుణమున కామదహనము, మొహర్రం దినములలో పీర్ల చావడి ముందు గుండము మన పల్లెలలో అందరు ఎరిగినవే. పెక్కు గ్రామములలో పీర్ల గుండము చుట్టు హిందువులు, ముస్లిములు కలిసియే తిరుగుదురు. ఈ గుండమును కొంచెము పరికింపుడు. నిప్పు నేలమీద కాక త్రవ్విన గోతిలో నుండును. అందులో వేయునది కట్టె మాత్రమే. చుట్టును ఇండ్లకు దూరమైన ఖాళీస్థలము. పెద్దలు కాపలా యుందురు. పండుగ ముగిసిన పిదప గోతిని పూడ్చుదురు. అనగా చోటు, వేళ, ఇంధనము, కాపలా అను నాలుగు నియమములును అందులో ఇమిడియున్నవి.

భోగిమంటలో సయితము పూర్వము వేసినవి ఎండుకట్టెలు, పిడకలు, పాత కొయ్యసామాను. రబ్బరు టైర్లు, ప్లాస్టిక్కు కుర్చీలు అందులో చేరుట ఇటీవలి దోషము. ఇక గోడ మూలనున్న చెత్తమంటను చూడుడు. దానికి చోటు లేదు, వేళ లేదు, ఇంధనమున విచక్షణ లేదు, ముట్టించినవాడు వెళ్లిపోవును గనుక కాపలాయు లేదు. పండుగ మంటకు పదిమంది పెద్దలు ఉందురు; చెత్తమంటకు ఒక్క దిక్కయినను లేదు.

శాసనము ఏమి చెప్పుచున్నది?

మన రాజ్యాంగమునకు 1976లో జరిగిన 42వ సవరణ పౌరుల ప్రాథమిక విధులను చేర్చినది. వానిలో 51-ఎ అధికరణము (జి) ఖండము ప్రకారము ప్రకృతి పరిసరములను కాపాడుట ప్రతి పౌరుని విధి. 1981 నాటి వాయుకాలుష్య నివారణ చట్టము 19వ విభాగము, కాలుష్య నియంత్రణ ప్రాంతములలో ఇంధనము కాని వస్తువులను కాల్చుటను ప్రకటన ద్వారా నిషేధించు అధికారమును రాష్ట్ర ప్రభుత్వమునకు ఇచ్చినది. 2016 ఏప్రిల్ 8న వెలువడిన ఘనవ్యర్థముల నియమావళి, చెత్తను ఉత్పత్తి చేయువారు దానిని వీధిలో పారవేయుటను, కాల్చుటను, పాతిపెట్టుటను నిషేధించినది. అదే సంవత్సరము డిసెంబరు 22న జాతీయ హరిత న్యాయస్థానము దేశమంతట ఆరుబయట చెత్త కాల్చుటను పూర్తిగా నిషేధించి, సామాన్యముగా కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్ద మొత్తమున కాల్చినవారికి 25,000 రూపాయలు పరిహారముగా విధింపవలెనని ఆదేశించినది. చెత్తను పోయు డంపింగు యార్డులకును ఈ నిషేధము వర్తించును.

ఇవిగాక, 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 287వ విభాగము ప్రకారము, ఇతరుల ప్రాణమునకు అపాయము కలుగునట్లు నిప్పుతో అజాగ్రత్తగా మెలగినను, తన అధీనమందున్న నిప్పు విషయమై తగిన జాగ్రత్త తీసికొనకున్నను నేరమే. ఆరు నెలల వరకు కారాగారము గాని, 2,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఇందులో రెండవ భాగము ముఖ్యము. ముట్టించుట మాత్రమే కాదు, ముట్టించి విడిచిపోవుటయు తప్పే. అడవుల సంగతి మరింత కఠినము. రిజర్వు అడవిలో నిప్పు పెట్టుటను, అడవికి అపాయము కలుగునట్లు నిప్పు విడిచిపెట్టుటను 1967 నాటి అటవీ చట్టము నేరముగా పరిగణించును. నల్లమల వంటి ఆకురాల్చు అడవులలో వేసవి కాలమున ఒక్క బీడీముక్క చాలును.

మనలో వ్యవసాయ కుటుంబములవారు పలువురు గలరు. కోతయంత్రము వచ్చిన పిదప వరికొయ్యలను పొలముననే కాల్చు అలవాటు పెరిగినది. ఉత్తర భారతమున దీనికి జరిమానాలు గలవు. ఢిల్లీ పరిసర ప్రాంతములలో 2024 నవంబరులో వానిని పెంచి, రైతుకు గల భూమిని బట్టి 5,000 మొదలు 30,000 రూపాయల వరకు నిర్ణయించిరి. జరిమానా మాట అటుంచి లాభనష్టములనే చూతము. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరము, 25 కిలోల పొటాషియం, 1.2 కిలోల గంధకము ఉండును. నిప్పు పెట్టినచో నత్రజనియు గంధకమును చాలవరకు గాలిపాలగును. నేల పైపొరలోని మేలుచేయు సూక్ష్మజీవులు నశించును. డబ్బు పెట్టి ఎరువు కొనువాడు తన ఎరువును తానే తగులబెట్టుకొనుట ఎట్టి వివేకము?

అనుమతి పద్ధతి యెట్టిది?

కొన్ని దేశములలో ఆరుబయట కాల్చుటను పూర్తిగా నిషేధింపక, అనుమతి పత్రముతో నియంత్రించుచున్నారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము ఇందుకు మంచి ఉదాహరణము. అచ్చట కార్చిచ్చుల భయము మెండు. రాష్ట్ర అగ్నిరక్షణ శాఖ బాధ్యతలోనున్న ప్రాంతములలో, మే నెల మొదలు అగ్నికాలము ముగియువరకు, తన స్థలములోని ఎండుకొమ్మలు కాల్చదలచినవాడు ముందుగా అనుమతి పొందవలెను. అనుమతి యున్నను చాలదు. ఆ దినము కాల్చదగిన దినమా కాదా యని స్థానిక వాయు నియంత్రణ కార్యాలయమును విచారింపవలెను. కుప్ప నాలుగడుగుల వెడల్పును, నాలుగడుగుల ఎత్తును మించరాదు. చుట్టు పదియడుగుల మేర గడ్డి లేకుండ చెక్కి మట్టి తేల్చవలెను. నీరు, పార దగ్గర నుంచుకొని, నిప్పు పూర్తిగా ఆరువరకు పెద్దవాడొకడు కదలక కనిపెట్టి యుండవలెను. చెట్టుచేమల వ్యర్థము తప్ప ఇంటిచెత్త అందులో వేయరాదు. గాలి హెచ్చి వాతావరణము ప్రమాదకరమైనప్పుడు ఇచ్చిన అనుమతులను సయితము నిలిపివేయుదురు. ఆ రాష్ట్రమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములకును ఇదే నియమము.

చోటు, వేళ, ఇంధనము, కాపలా! మన పీర్ల గుండమున కనబడిన నాలుగు నియమములే ఆ అనుమతి పత్రమునందును కనబడుచున్నవి గదా. మంచి నియమము అధికారి కాగితము మీద పుట్టినది కాదు. నిప్పుతో బ్రతికినవారి అనుభవమున పుట్టినది. కాగితము దానిని గుర్తు చేయును.

మన దేశమున చెత్త కాల్చుటకు అనుమతి పత్రము లేదు, పూర్తి నిషేధమే గలదు. కనుక అధ్యక్షులవారు గాని, కళాశాల కార్యవర్గము గాని దీనికి అనుమతి ఇయ్యజాలరు. శిబిరాగ్ని మాత్రము వేరు. ఎన్.సి.సి., సేవాశిబిరముల రాత్రులలో మంట వేయునప్పుడు మనము పాటింపదగినవి ఇవి: ముందుగా ప్రిన్సిపాలుగారి అనుమతి పొందవలెను. అడవిలో గాని, అడవి అంచున గాని వేయకూడదు. చెట్ల కొమ్మల క్రిందను, గడ్డివాముల సమీపమునను వేయకూడదు. గాలి వీచుచున్నచో మానుకొనవలెను. పెట్రోలు, కిరోసిను పోయరాదు. చివర నీరు పోసి, కర్రతో కలియబెట్టి, మరల నీరు పోయవలెను. మట్టి మాత్రము కప్పి విడిచినచో బొగ్గులు లోపల గంటలకొలది వేడితో నుండును. అరచేతి వెనుక భాగమును బూడిదకు దగ్గరగా ఉంచి చూడవలెను. వేడి సోకినచో నిప్పు ఆరలేదన్నమాట.

మన ఆవరణములో చేయదగినవి

ఆకు కాల్చువాడు మన తోటమాలి. ఆ పొగ మనకంటె ముందు ఆతని ఊపిరితిత్తులలోనికి పోవుచున్నది. ఊడ్చిన ఆకు ఎచ్చట వేయవలెనో మనము చూపలేదు, తోపుడుబండి ఈయలేదు, గుంట త్రవ్వింపలేదు. ఆతని చేతికి అగ్గిపెట్టె తప్ప వేరు సాధనము లేకుండ చేసినది మన ఉపేక్షయే. కావున కళాశాల కార్యవర్గమువారికి సవినయముగా మేము చేయు విన్నపములు నాలుగు.

మొదటిది: ఆటస్థలము వెనుక ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గల గుంటలు రెండు త్రవ్వింపవలెను. జానెడు మందమున ఆకు పరచి, పేడనీరు చల్లి, పిడికెడు మందము మట్టి వేసి, మరల ఆకు పరచుచు పోవలెను. తడి ఆరకుండ చూచి, నెలకొకసారి తిరుగవేసినచో కొన్ని నెలలలో నల్లని ఆకు ఎరువు సిద్ధమగును. ఒక గుంట నిండి మాగుచుండగా రెండవది వాడుకలో నుండును.

రెండవది: ఆకు వేరు, కాగితము వేరు, ప్లాస్టిక్కు వేరుగా చేర్చు బుట్టలు ప్రతి భవనము కడ నుంచవలెను. కాగితమును పాతసామాను వ్యాపారి కొనును; ప్లాస్టిక్కును పురపాలక సంఘపు బండికి అప్పగింపవచ్చును.

మూడవది: చెత్త కాల్చరాదను పలకలను ఉర్దూ, తెలుగు భాషలు రెండింటను వ్రాయించి పెట్టవలెను. అక్షరము చదివినవారు రెండు భాషలలోను తప్పించుకొనజాలరు!

నాలుగవది: 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ ప్రేలినప్పుడు 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణములు విడిచిరి. వారి స్మారకముగా ఏటేట ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవములు జరుగుచున్నవి. ఆ వారమున ఒక దినము అగ్నిమాపక కేంద్రము వారిని ఆహ్వానించి, విద్యార్థులకు శిక్షణ ఇప్పింపవలెను. ప్రమాదము సంభవించినచో 101కు టెలిఫోను చేయవలెనని ప్రతి విద్యార్థికిని తెలిసియుండవలెను.

విద్యార్థి సోదర సోదరీమణులారా! ఈ పనికి పెద్ద ధనము అక్కరలేదు. రెండు గుంటలు త్రవ్వుటకు మన సేవాదళము ఒక ఆదివారము పనిచేసిన చాలును. రాబోవు ఫిబ్రవరిలో వేప ఆకు రాలినప్పుడు ఆ గోడ మూల పొగ లేవకున్నచో, వసతిగృహమున మన మిత్రుడు తన కిటికీ తెరచుకొని చదువుకొనగలడు. మన చదువునకు అంతకంటె ప్రత్యక్షమైన ఫలమేమి కావలెను?