అయినవారుండియు అనాథలు

తల్లిదండ్రులు లేని శిశువును మనము అనాథ యందుము. అట్టి శిశువును మేనమామయో, పినతండ్రియో, ఊరిలో దయగల మరియెవరో చేరదీయుట కలదు. కాని తల్లిదండ్రులు, తోబుట్టువులు, ఆలుబిడ్డలు అందరును ఉండియు ఎవరును లేనివాడు వేరొకడు కలడు. ఊరు వెలివేసిన కుష్ఠరోగియే వాడు.

సిరిసిల్లలో మగ్గము నడుపువానికి వ్రేళ్ళే జీవనాధారము. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో బీడీలు చుట్టు స్త్రీలకును అంతే. ఈ వ్యాధి తొలుత చర్మముపై స్పర్శలేని మచ్చగా కనబడి, క్రమముగా నరములను చెరచును. అపుడు వ్రేళ్ళకు నిప్పు తగిలినను తెలియదు, తెగినను తెలియదు. గాయములు ముదిరి వ్రేళ్ళు వంకరపోవును. పని పోవును, పని పోయిన వెనుక బంధువులును దూరమగుదురు. పూర్వులు ఈ రోగమును పాపఫలమని తలచిరి. 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ దీనికి ఒక సూక్ష్మజీవి కారణమని కనుగొనెను. కాని ఆ సత్యము మన పల్లెలకు చేరుటకు చాల కాలము పట్టినది.

జగిత్యాల నుండి కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరుల మీదుగా పడమరకు పోవు బాట నిజామాబాదు చేరును. ఆ పట్టణమునకు సమీపముననే డిచ్‌పల్లి యున్నది. 1907లో ఇసబెల్ కెర్ అను స్కాట్లాండు వైద్యురాలు, మతబోధకుడైన తన భర్త జార్జి కెర్‌తో కూడ వెస్లియన్ మెథడిస్టు సంఘము పక్షమున హైదరాబాదు రాజ్యమునకు వచ్చెను. నిజామాబాదులో కుష్ఠరోగులకు దిక్కెవరును లేకుండుట చూచి ఆమె మనసు కరగెను. దంపతులిరువురును మొదట అచ్చటనే చిన్న ఆశ్రయమును నెలకొల్పిరి. రాజా నర్సాగౌడ్ అను హిందూ దాత గొప్ప విరాళమొసగగా, 1915లో డిచ్‌పల్లియందు విక్టోరియా ఆసుపత్రి వెలసెను. ఒకరి ధనము, వేరొకరి విద్య, ఇరువురి దయ అచ్చట ఒక్కటైనవి.

ఆనాటి మందు చాల్మూగ్రా జాతి గింజల నూనె. దానిని సూదితో శరీరమున ఎక్కించెడివారు. అది మిక్కిలి బాధాకరము. చిరకాలము సాగవలసిన చికిత్స. అయినను రోగులు ఓర్చుకొనిరి. శక్తిగలవారు పొలముపనులు చేసిరి. ఊరు వెళ్ళగొట్టినవారికి అచ్చట మరల ఒక ఊరు దొరకెను. ఇసబెల్ కెర్ 1932లో మరణించినను ఆసుపత్రి నిలిచెను.

ఇచ్చటి అనుభవము సముద్రము దాటి ఆఫ్రికాకును పోయినది. డిచ్‌పల్లిలో పనిచేసిన వైద్యుడు జాన్ లో అనునతడు, పిదప నైజీరియా దేశమున ఉజువాకోలి అను పల్లెప్రాంతమునకు పోయెను. అచ్చటను మెథడిస్టు సంఘపు కుష్ఠరోగ నివాసము ఒకటి యుండెను. డాప్సోన్ అను మందును కొద్ది మోతాదులో నోటిద్వారా ఈయవచ్చునని 1940ల చివర అతడు అచ్చట పరీక్షించి చూపెను. అది చవుకయైన మాత్ర, పేదవానికిని అందునది. ఆ నివాసమున రోగులు సేద్యము చేసికొనిరి, పాటలు పాడుకొనిరి. రోగిగా వచ్చిన ఇకోలి హార్కోర్ట్ వైట్ గాయక బృందమును నడిపి, ఇగ్బో భాషలో అనేక గీతములు రచించి ప్రసిద్ధుడయ్యెను. ఉజువాకోలిని చిరకాలము నడిపిన వైద్యుడు ఫ్రాంక్ డేవీ 1968లో మన డిచ్‌పల్లికి వచ్చి సేవచేసెను. ఇట్లు తెలంగాణము నేర్పినదానిని ఆఫ్రికా పెంచెను. ఆఫ్రికా నేర్పినది తెలంగాణమునకు తిరిగివచ్చెను.

కాలక్రమమున డాప్సోన్ ఒక్కదానికే సూక్ష్మజీవులు లొంగకుండుట గమనించి, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులు కలిపి యిచ్చు చికిత్సను నిర్దేశించెను. నేడు ఆ మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా లభించును. వ్యాధి రకమును బట్టి ఆరు నెలలో, సంవత్సరమో వాడినచో నయమగును. మందు మొదలిడిన కొలదికాలముననే ఇతరులకు సోకు భయము తొలగును. రోగులను వేరుపరచుటకు 1898లో చేసిన చట్టమును మన పార్లమెంటు 2016లో రద్దుచేసెను. 2019లో చేసిన మరియొక చట్టము, ఈ వ్యాధి కారణముగా విడాకులు కోరు వీలును తొలగించెను.

చట్టము మారినంతనే మనసు మారునా? బాలలారా, మీ ఇంట గాని, మీ వీధిలో గాని ఎవరి దేహముననైన స్పర్శలేని మచ్చ కనబడినచో దాచవలదు. వెంటనే ఆరోగ్య కేంద్రమునకు పొమ్మని చెప్పుడు. ఆలస్యమైనచో పోయిన వ్రేళ్ళను ఏ మందును తిరిగి తేలేదు. వ్యాధి నయమై తిరిగివచ్చిన వానిని మీ చాపపై కూర్చుండబెట్టుకొనుడు. మందు రోగమును మాత్రమే మాన్పును. అనాథత్వమును మాన్పవలసినది ఇరుగుపొరుగువారే.