చికిత్సకు నాలుగు పాదములు

ధర్మార్థకామమోక్షములనెడు నాలుగు పురుషార్థములకును ఆరోగ్యమే మూలమని మన పూర్వులు నిర్ణయించిరి. దేహము స్వస్థముగా నున్నగాని తీర్థయాత్ర సాగదు, అర్చన సాగదు, అతిథిసేవయు సాగదు. అట్టి దేహమునకు ఆపద కలిగినప్పుడు మానవుడు తన ప్రాణమును మరియొక మానవుని చేతిలో పెట్టుచున్నాడు. ప్రాణమును ఒప్పగించు రోగికిని, దానిని స్వీకరించు వైద్యునికిని నడుమ నుండవలసిన విశ్వాసమెట్టిది? గౌరవమెట్టిది? ఆ విశ్వాసమునకు హద్దు కలదా? అది చెడినచో నష్టమెవరిది? ఈ విషయమును శాస్త్రదృష్టితోను, లోకదృష్టితోను విచారించుట యుక్తము.

వైద్యుడు నారాయణుడా?

వైద్యుడు సాక్షాత్తు నారాయణుడే యను లోకోక్తి తెలుగునాట వినని వారుండరు. ఈ మాట ఒక శ్లోకములోని తునక. ఆ శ్లోకము యొక్క పూర్వార్ధమును మాత్రము జనులు మరచిపోయిరి. శరీరము జీర్ణమై, వ్యాధిచేత క్రుంగి, మానవప్రయత్నము ముగిసిన వేళ గంగాజలమే ఔషధమనియు, శ్రీహరియే వైద్యుడనియు దాని తాత్పర్యము. అనగా ఆ శ్లోకము వైద్యుని దేవునిగా చేయుట లేదు. దేవుని వైద్యునిగా చూపుచున్నది. శ్రీ విష్ణు సహస్రనామములలో ‘వైద్యః’, ‘భేషజం’, ‘భిషక్’ అను నామములు కలవు. క్షీరసాగరమథన సమయమున అమృతకలశముతో నావిర్భవించిన ధన్వంతరి శ్రీహరి అంశయని భాగవతము అష్టమ స్కంధమున తెలుపుచున్నది. కావున వైద్యవిద్య భగవంతునిది; దానిని అభ్యసించినవాడు ఆ విద్యకు సేవకుడు.

ఈ భేదమును గుర్తించుట చాల అవసరము. శరణాగతికి అంగములైన వానిలో మహావిశ్వాస మొకటి. భగవంతుడు తప్పక రక్షించునను అచంచలమైన నమ్మకమే మహావిశ్వాసము. ఆయన సర్వజ్ఞుడు, సర్వశక్తుడు గనుక ఆ విశ్వాసమునకు హద్దు లేదు. వైద్యుడో, అల్పజ్ఞుడైన మానవుడు. అతని యందుంచవలసినది విశ్వాసమే కాని మహావిశ్వాసము కాదు. వైద్యుని దేవునిగా నెంచిన వాడే, రోగి మరణించిన దినమున అతనిని రాక్షసునిగా నెంచుచున్నాడు. ఉదయము పాదములకు మ్రొక్కిన చేతులే సాయంకాలము రాయి పట్టుకొనుచున్నవి. మానవునికి శక్యము కాని దానిని మానవుని నుండి కోరుటయే ఈ అనర్థమునకు హేతువు.

నాలుగు పాదములు

చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు, వెరసి పదునారు. వైద్యునికి శాస్త్రమునందు స్పష్టమైన జ్ఞానము, పలుమారులు కన్నులార చూచిన అనుభవము, నేర్పు, శుచిత్వము ఉండవలెను. ఔషధము సమృద్ధిగా, యోగ్యముగా, పలువిధముల కల్పనలకు అనుకూలముగా, సారవంతముగా నుండవలెను. పరిచారకునికి ఉపచారము తెలిసియుండుట, నేర్పు, రోగియందు అనురాగము, శుచిత్వము కావలెను. ఇక రోగికి చెప్పిన నాలుగు గుణములు: జ్ఞాపకశక్తి, చెప్పినట్లు నడుచుకొనుట, ధైర్యము, తన బాధను దాచక తెలియజేయగలుగుట.

ఇందు పాఠకులు గమనింపదగిన విశేషమొకటి కలదు. ఆచార్యుడు రోగిని కేవలము చికిత్స పొందు వస్తువుగా లెక్కింపలేదు. చికిత్సకు ఒక కాలుగా లెక్కించెను. పీట నాలుగు కాళ్లలో నొకటి విరిగిన నిలువనట్లు, రోగి నిజము దాచినచో వైద్యుని పాండిత్యము నిలువదు. అట్లని నాలుగు పాదములును సమానములని కాదు. వానిలో వైద్యుడే ప్రధానుడని చరకుడు స్పష్టపరచెను. ప్రాధాన్యము ఎవరికి ఎక్కువో బాధ్యతయు వారికే ఎక్కువ.

ఆ బాధ్యతను సుశ్రుతుడు మరింత హృదయంగమముగా చెప్పెను. రోగి తల్లిదండ్రులను, పుత్రులను, బంధువులను సైతము శంకించును గాని వైద్యుని మాత్రము శంకింపడు. తన్ను తాను అతనికి సమర్పించుకొనును. కావున వైద్యుడు రోగిని కన్నబిడ్డవలె కాపాడవలెనని ఆయన ఉపదేశము. ఇందలి కార్యకారణ క్రమము చూడదగినది. రోగి విశ్వసించినాడు గనుక వైద్యునికి పుత్రవాత్సల్యము విధియైనది. విశ్వాసము వైద్యుని సొత్తు కాదు. అతనియొద్ద నుంచిన నిక్షేపము. నిక్షేపమును భక్షించుట మహాపాపమని ధర్మశాస్త్రము.

చరకసంహిత విమానస్థానమున గురువు శిష్యునకు చేయు ఉపదేశము కలదు. రోగి గృహమునందలి రహస్యములను బయట చెప్పరాదు. అనుమతి లేక ఇంట ప్రవేశింపరాదు. మృత్యువు సమీపించినదని తెలిసినను, ఆ మాటవలన రోగికి గాని పరులకు గాని దెబ్బ తగులునట్టి చోట చెప్పరాదు. ఎంత తెలిసినను తన పాండిత్యమును తానే పొగడుకొనరాదు. చికిత్సను అంగడిసరుకుగా అమ్ముకొనువాడు బంగారమును వదలి ధూళిరాశిని మూటగట్టుకొనువాడని అదే గ్రంథము మరియొకచోట హెచ్చరించుచున్నది.

సుషేణుని మాట

ఈ నాలుగు పాదములును ఒక్కచోట ప్రత్యక్షముగా కనుపించు ఘట్టము శ్రీమద్రామాయణ యుద్ధకాండమునందున్నది. రావణుని శక్తిచేత లక్ష్మణుడు నేలకొరగెను. శ్రీరాముడు దుఃఖముచేత ధైర్యము కోల్పోయి, తమ్ముడు లేని రాజ్యమేల, ప్రాణమేల యని విలపించెను. అప్పుడు వానరవైద్యుడైన సుషేణుడు చేసిన మొదటి పని ఔషధము నూరుట కాదు, మాటలాడుట. లక్ష్మణుని ముఖవర్ణము మారలేదనియు, అరచేతులు ఎఱ్ఱదామరలవలె నున్నవనియు, కన్నులు నిర్మలముగా నున్నవనియు, ఇట్టి లక్షణములు గతప్రాణుల యందు కానరావనియు రామునికి వివరించెను. ‘భయపడకుడు’ అని ఊరక చెప్పి వదలక, ఏల భయపడనక్కరలేదో గుర్తులతో చూపెను. తరువాత ఓషధుల పేర్లు, అవి యుండు పర్వతము హనుమంతునకు తెలిపెను. హనుమంతుడు మూలికను గుర్తింపలేక, తప్పుమూలికను తెచ్చుటకు గాని ఆలస్యము చేయుటకు గాని ఇష్టపడక, శిఖరమునే పెకలించి తెచ్చెను. సుషేణుడు ఓషధిని నూరి నస్యముగా నొసగగా లక్ష్మణుడు లేచెను.

ఇందు వైద్యుడు సుషేణుడు, ఔషధము ఓషధి, పరిచారకుడు హనుమంతుడు, రోగి లక్ష్మణుడు. శ్రీరాముడో, రోగి బంధువు. పరమాత్మయే మానుషభావమున నుండి వైద్యుని మాట ఓపికతో వినెను. రోగి బంధువులకు ఇంతకంటె ఆదర్శమేమి కావలెను? వైద్యులకును సుషేణుని తీరు ఆదర్శమే. వ్రేలిముద్ర వేయించుకొనుటకు ముందు రెండు మాటలు విడమరచి చెప్పుటకు పట్టు కాలము స్వల్పము. అవి చెప్పకపోవుటవలన పుట్టు అనుమానము దీర్ఘము.

దేవాలయములు – ఆతులశాలలు

దేవాలయములు వైద్యమునకు దూరమైనవి కావు. కాంచీపుర ప్రాంతమున తిరుముక్కూడల్ వేంకటేశ పెరుమాళ్ ఆలయమునందలి 11వ శతాబ్దపు వీరరాజేంద్రచోళుని శాసనము 15 పడకలు గల ఆతులశాలను వర్ణించుచున్నది. అందు ఒక వైద్యుడు, ఒక శస్త్రవైద్యుడు, మూలికలు తెచ్చువా రిద్దరు, పరిచారిక లిద్దరు నియమింపబడి, ఒక్కొక్కరికి జీవనభృతి ఏర్పరుపబడెను. ఆంధ్రదేశమున గుంటూరు సీమలోని మల్కాపుర శాసనము 1261 నాటిది. కాకతి రుద్రమదేవి కాలమున విశ్వేశ్వర శివాచార్యుడు నెలకొల్పిన మఠసంస్థలలో ఆరోగ్యశాల, ప్రసూతిశాల ఉండినట్లు అది తెలుపుచున్నది. రోగి ఎదుట వైద్యుడు చేయి చాపనక్కరలేకుండ భృతి కల్పించుట ఈ ధర్మసంస్థల లోతైన యోచన. వైద్యుడు ధనమునకై గాక తనకై మందు వ్రాయుచున్నాడని రోగికి తోచినప్పుడే విశ్వాసము పాదుకొనును.

విడవలూరు సీమలో

నెల్లూరున తల్పగిరి రంగనాథుని సేవించుకొని తూర్పుగా సాగిన పెన్న, విడవలూరు మండలములోని ఊటుకూరు చెంత సముద్రమున కలియుచున్నది. వరిపొలములు, రొయ్యలగుంటలు, పట్టపుపాలెములు గల సీమ యిది. ఈ మండలములోని అలగానిపాడు పుచ్చలపల్లి సుందరయ్యగారి జన్మస్థలము. ఆయన సోదరుడు డాక్టరు రామచంద్రారెడ్డిగారు నెల్లూరున ప్రజావైద్యశాలను నెలకొల్పి, బీదసాదలకు స్వల్పవ్యయముతో చికిత్స అందునట్లు చేసిరి. పల్లెలకు ప్రథమ చికిత్స చేరవలెనని యువకులకు శిక్షణయు ఇప్పించిరి. నేటికిని ఆ వైద్యశాల ఆయన పేరనే పిలువబడుచున్నది. రాజకీయ విశ్వాసములు ఏవైనను, రోగిని బిడ్డగా చూచిన వైద్యుని పేరు జనుల నాలుకపై నిలుచుననుటకు ఇది తార్కాణము.

ఇదే తీరమున, కృష్ణపట్నమున 2021 మే నెలలో మరియొక దృశ్యము కనుపించెను. కోవిడు రెండవమారు విజృంభించి, ఆసుపత్రులలో పడకలు, ప్రాణవాయువు కొరవడిన దినములవి. ఆనందయ్యగారు ఉచితముగా పంచు మూలికల మందునకై వేలకొలది జనులు బారులు తీరిరి. ప్రభుత్వము పంపిణీని నిలిపి, పరీక్ష చేయించి, కంటిలో వేయు చుక్కలను మినహాయించి తక్కిన కొన్ని మందులకు మే 31న అనుమతి నొసగెను. అవి హానికరములు కావనియే కాని, కోవిడును మాన్పునని రుజువు లేదనియు తెలిపెను. ఈ ఉదంతమున జనులను అజ్ఞులని నిందించుట సులభము. వారు అచ్చటికి పోవుటకు హేతువేమని విచారించుట ఉత్తమము. అచ్చట రుసుము లేదు, భాష తమది, ఇచ్చువాడు తమ ఊరివాడు. విశ్వాసము ఆత్మీయత వెంట నడచును. అయితే ఆత్మీయత రుజువు కాజాలదు. చరకుడు వైద్యునికి శాస్త్రజ్ఞానమును మొదటి గుణముగా చెప్పుట ఇందులకే. రుజువైన మందు గల ఆసుపత్రి ఆత్మీయతను నేర్చుకొనవలెను. ఆత్మీయుడైన మందుగాడు రుజువుకు తలయొగ్గవలెను.

ఆ కోవిడు కాలముననే, 2020 ఏప్రిల్‌లో, నెల్లూరున చికిత్స చేయుచుండిన ఒక వైద్యుడు ఆ వ్యాధి సోకి చెన్నపట్టణమున మరణించెను. ఆయన దేహమును దహనము చేయుటకు మొదట కొనిపోయిన శ్మశానమున అభ్యంతరము కలిగి, మరియొక చోటికి తరలింపవలసి వచ్చెను. రోగులను తాకిన చేతులకు నిప్పు పెట్టుటకును భయపడిన లోకము, కృతజ్ఞతను మరచిన లోకమే.

పాముకాటు మరియొక ఉదాహరణము. వరిచేలలో నాగు, కట్లపాము, రక్తపింజర మొదలగునవి తిరుగుచుండును. కట్లపాము కరచిన చోట వాపు గాని నొప్పి గాని అంతగా కానరాదు. కొన్ని గడియలకు రెప్పలు వ్రాలి, ఊపిరి సన్నగిల్లును. మంత్రగాని యొద్ద ఆ గడియలు గడచిపోయిన పిమ్మట ఆసుపత్రికి చేర్చినచో విషవిరుగుడు సూదిమందు ఎంతవరకు కాపాడగలదు? అట్టి రోగి మరణింపగా నింద వైద్యునిపై పడును. కాటును కోయరాదు, నోటితో పీల్చరాదు, త్రాటితో బిగించి కట్టరాదు. అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ప్రార్థన దారిపొడవునను చేయవచ్చును. శ్రీహరి నామస్మరణకు మంత్రగాని అరుగు అక్కరలేదు.

ఇరువురి ధర్మములు

రోగి ఆచరింపవలసినవి కొన్ని. వాడుచున్న మందులను, నాటుమందులను సైతము దాచక చెప్పవలెను. మద్యము, పొగాకు అలవాట్లు చెప్పుటకు సిగ్గుపడరాదు. సిగ్గు ప్రాణమునకు చేటు. ఉపవాసవ్రతములు చేయు మధుమేహరోగులు ముందుగా వైద్యుని సలహా పొందవలెను. దేహమును శోషింపజేయుటలో భగవత్ప్రీతి లేదు. తెలియనిదానిని వినయముతో అడుగవలెను. మరియొక వైద్యుని అభిప్రాయము కోరుట అవమానము కాదు.

వైద్యుడాచరింపవలసినవియు కలవు. రోగిని సంఖ్యతో గాక పేరుతో పిలువవలెను. వృద్ధులను ‘నువ్వు’ అనరాదు. ‘తాతగారూ, అమ్మా’ అను పిలుపే సగము ఔషధము. తెలుగులో విడమరచి చెప్పవలెను. పొరపాటు జరిగినచో దాచరాదు. దాచిన పొరపాటు రెండవ పొరపాటు.

ఈ ధర్మములు సడలినందుననే చట్టములు పుట్టినవి. రోగి కోరిన 72 గంటలలో చికిత్సాపత్రముల నొసగవలెనని 2002 నాటి వైద్యమండలి నియమము. వైద్యులపై దాడి చేసినవారికి మూడేండ్ల వరకు చెరసాల విధించు చట్టమును ఆంధ్రప్రదేశము 2008లో చేసెను. చట్టము పత్రము నిప్పించగలదు, రాయిని ఆపగలదు. నమ్మకమును మాత్రము పుట్టింపజాలదు. భయపడిన వైద్యుడు కఠినమైన రోగమును చేపట్టక పెద్దపట్టణమునకు పంపివేయును. ఆ దూరమున ప్రాణము పోవునది పల్లెవాసిదే. కావున వైద్యుని గౌరవించుట రోగి తన ప్రాణమును తాను కాపాడుకొనుటయే. రోగిని గౌరవించుట వైద్యుడు తన విద్యను తాను కాపాడుకొనుటయే.

ప్రయత్నము మానవునిది, ఫలము పరమాత్మది. ఈ ఎరుక గలవాడు వైద్యుని విశ్వసించును గాని దేవునిగా చేయడు. ఫలము తప్పినను ప్రయత్నము చేసినవానిని ద్వేషింపడు. అమృతకలశధారియైన ధన్వంతరి రోగులకు ధైర్యమును, వైద్యులకు కరుణను, ఉభయులకు సత్యవాక్కును అనుగ్రహించుగాక.