కారు కదలకున్నా కాలం ఆగదు

ఖరీదైన కారు సర్వీసు పుస్తకంలో సాధారణంగా ఒక నియమం కనిపిస్తుంది: పదివేల మైళ్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందైతే అది. వేసవిలో కుటుంబమంతా స్వదేశానికి వెళితే కారు గరాజులో కదలకుండా ఉంటుంది. తిరగని బండికి సర్వీసు దేనికి? సమాధానం రసాయనశాస్త్రంలో ఉంది.

ఇంజన్ ఆయిల్ ప్రధానంగా హైడ్రోకార్బన్ల మిశ్రమం. వేడిలో ఆక్సిజన్‌తో కలిసి అది క్రమంగా ఆమ్లాలను ఏర్పరుస్తుంది. ఇంధనం మండగా పుట్టే ఆమ్లాలు వీటికి తోడవుతాయి. వాటిని తటస్థీకరించేందుకు ఆయిల్‌లో కలిపిన క్షార పదార్థాలు కొంతకాలానికి ఖర్చయిపోతాయి. బడికి, అంగడికి మాత్రమే తిరిగే కారులో ఆయిల్ తగినంత వేడెక్కదు. అందులో చేరిన నీరు, పెట్రోలు ఆవిరి కావు. కనుక తక్కువ మైళ్లు తిరిగినా ఆయిల్ పాడవుతుంది.

బ్రేకు ద్రవం సంగతి మరింత ముఖ్యం. ఎక్కువ కార్లలో వాడేది గ్లైకాల్ ఈథర్ల జాతి ద్రవం. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లినట్లు, ఇది రబ్బరు గొట్టాల గుండా సైతం గాలిలోని తేమను గ్రహిస్తుంది. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్-4 ద్రవం 230 డిగ్రీల సెల్సియస్ లోపు మరగరాదు. సుమారు 3.7 శాతం నీరు చేరిన ద్రవానికి ఆ హద్దు 155 డిగ్రీలే. కొండదారిలో దిగుతూ పదేపదే బ్రేకు తొక్కితే ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడవచ్చు. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అప్పుడు పెడల్ నేలకు తగులుతుంది కాని కారు ఆగదు.

అందుకే మెర్సిడెస్, బి.ఎం.డబ్ల్యు. వంటి కార్లలో, మైళ్లతో నిమిత్తం లేకుండా, సాధారణంగా రెండేళ్లకొకసారి ఈ ద్రవాన్ని మార్చాలంటారు. పిల్లలతో కొండప్రాంతాలకు బయలుదేరే ముందు మైళ్ల లెక్కతోపాటు, ద్రవం చివరిసారి మార్చిన తేదీని కూడా చూసుకోవడం శ్రేయస్కరం.