జాతీయ సంపద - శక్తి వినియోగము

ఒక దేశము ఎంత బొగ్గు, ఎంత చమురు, ఎంత విద్యుత్తు వాడుచున్నదో తెలిసినంత మాత్రమున ఆ దేశపు ప్రగతి తెలియదు. ఆ వాడకముతో ఎంత సంపద ఉత్పత్తియగుచున్నదో కూడ చూడవలెను. రూపాయి విలువగల సంపదకు వినియోగమైన శక్తి పరిమాణమునే ఆర్థికవేత్తలు శక్తి తీవ్రత అందురు.

దీనిని పొలము లెక్కతో తెలిసికొందము. ఇద్దరు రైతులు చెరి 30 బస్తాల ధాన్యము పండించిరనుకొనుడు. ఒకరి పంపుసెట్టునకు 600 యూనిట్లు, రెండవవారి దానికి 450 యూనిట్లు ఖర్చైనవి. అనగా ఒకరికి బస్తాకు 20 యూనిట్లు, మరియొకరికి 15 యూనిట్లు పడినవి. పంట సమానమే, తీవ్రత వేరు. దేశము లెక్కయు ఇట్టిదే.

1947లో మన దేశపు విద్యుదుత్పాదన సామర్థ్యము సుమారు 1,360 మెగావాట్లు మాత్రమే. తరువాత పంచవర్ష ప్రణాళికలలో ఉక్కు, సిమెంటు, ఎరువుల కర్మాగారములు వెలసినవి. సేద్యమునకు పంపుసెట్లు వచ్చినవి. ఆ దశాబ్దములలో బొగ్గు, చమురు, విద్యుత్తుల వాడకము జాతీయాదాయముకంటె వేగముగా పెరిగినది. పునాదులు వేయునపుడు రాయి, సున్నము హెచ్చుగా పట్టుట సహజమే గదా! 1990 దశకమునుండి ఈ వరుస మారి, ఆదాయమే ముందు నడువసాగినది.

ఇందుకు కారణములు మూడు. మొదటిది యంత్రముల మెరుగుదల: సిమెంటు కర్మాగారములు తడి పద్ధతిని విడిచి పొడి పద్ధతి నవలంబించినవి, రైళ్లకు ఆవిరి ఇంజన్ల స్థానమున డీజిలు, విద్యుత్తు ఇంజన్లు వచ్చినవి. రెండవది, తక్కువ ఇంధనముతో నడచు బ్యాంకులు, వర్తకము, కంప్యూటరు సేవల వాటా పెరుగుట. మూడవది, 2001లో వచ్చిన ఇంధన పొదుపు చట్టము. పంపుసెట్లపై, ఫ్రిజ్‌లపై కనబడు నక్షత్రముల గుర్తు ఈ చట్టము క్రింద ఏర్పడిన సంస్థ ఇచ్చునదే.

కట్టెలు, పిడకలు అంగడి లెక్కలకు ఎక్కకున్నను అవియు శక్తియే. పాత పొయ్యిలో కట్టెల వేడి సుమారు పదియవ వంతు మాత్రమే పాత్రకు చేరును. గ్యాసు పొయ్యిలో సగమునకు పైగా చేరును. గ్యాసు వచ్చిన ఇంట శక్తియు ఆదా, తల్లుల కన్నులకు పొగయు తప్పును.

అయితే తీవ్రత తగ్గినంత మాత్రమున మొత్తము వాడకము తగ్గినట్లు కాదు. అది నేటికిని పెరుగుచునే యున్నది. పల్లెలకు ఇందు ప్రధానమైనది భూగర్భజలము. 100 అడుగుల లోతునుండి నీరు తోడుటకు పట్టు శక్తికి, 200 అడుగులనుండి తోడుటకు రెండింతలు పట్టును. నీరు దిగినకొలది పంట పెరుగకయే ఖర్చు పెరుగును. సేద్యమునకు విద్యుత్తు ఉచితముగా అందినను, దాని వెనుకనున్న బొగ్గు ఉచితము కాదు.

కనుక చెరువుల పూడిక తీయుట, పంపునకు కెపాసిటరు అమర్చుట, 60 వాట్ల పాత బల్బు స్థానమున 9 వాట్ల ఎల్‌ఇడి బల్బు పెట్టుట చిన్న పనులుగా తలపరాదు. రోజుకు 4 గంటలు వెలిగించినచో ఆ బల్బు ఒక్కటే నెలకు 6 యూనిట్లు మిగుల్చును. ఇంటింటి పొదుపే దేశపు పొదుపు.